పురావస్తు సదస్సులో మొదటి పత్రం: ఊరి పాటిగడ్డ నుంచి వేదిక దాకా

మన రెండు రాష్ట్రాల్లో పేపర్ల జిల్లా పేజీలు తిరగేస్తే తరచూ ఇలాంటి వార్త ఒకటి కనిపిస్తుంది. చెరువు గట్టున శాసనం బయటపడింది, గుట్ట మీద రాకాసి గుళ్ళు (పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధులు) ఉన్నాయి, పొలం దున్నుతుంటే పెద్ద మట్టి కాగు తగిలింది. ఫోటో వేస్తారు, వాట్సాప్ గ్రూపుల్లో రెండు రోజులు తిరుగుతుంది, అంతటితో ఆ సంగతి ముగిసిపోతుంది. కొన్నేళ్లకు ఎవరో పరిశోధకుడు ఆ ప్రాంతం మీద పని మొదలుపెడితే అక్కడ ఒక స్థలం ఉండేదన్న సంగతే ఆయనకు దొరకదు. ఈలోగా దిబ్బను పాటిమన్ను (పాత ఊరి దిబ్బ మట్టి) కోసం ట్రాక్టర్లతో తోలేసి ఉండొచ్చు, గుట్ట క్వారీకి పోయి ఉండొచ్చు.

ఒక స్థలం చరిత్రలోకి ఎక్కాలంటే దాన్ని పరీక్షించగల వాళ్ల ముందు పెట్టాలి. పురావస్తు శాస్త్రజ్ఞుల వార్షిక సదస్సు ఉన్నది ఇందుకే. సర్టిఫికెట్ కోసమో, ప్రమోషన్ పాయింట్ల కోసమో వెళ్లేవాళ్లు ఉంటారు, వాళ్ల అవసరం వాళ్లది. ఈ మార్గదర్శి మాత్రం తన దగ్గరున్న ఆధారం నిలుస్తుందో లేదో తేల్చుకోవాలనుకునే వాళ్ల కోసం. ఎం.ఏ., పీహెచ్‌డీ విద్యార్థులు, కాలేజీ లెక్చరర్లు, సెలవు రోజుల్లో గుట్టలెక్కే ఔత్సాహికులు అందరూ దీన్ని వాడుకోవచ్చు.

1. ఏ సదస్సుకు వెళ్లాలి?

దేశంలో ఈ రంగానికి పెద్ద వార్షిక వేదిక మూడు సంస్థలు కలిసి జరిపే ఉమ్మడి సదస్సు. ఒకటి ఇండియన్ ఆర్కియలాజికల్ సొసైటీ. ఇది 1967లో మొదలైంది, దీని పత్రిక 'పురాతత్త్వ'. రెండోది ఇండియన్ సొసైటీ ఫర్ ప్రీహిస్టారిక్ అండ్ క్వాటర్నరీ స్టడీస్. పుణె డెక్కన్ కాలేజీతో పెనవేసుకున్న ఈ సంస్థ 'మ్యాన్ అండ్ ఎన్విరాన్‌మెంట్' పత్రికను నడుపుతుంది. మూడోది ఇండియన్ హిస్టరీ అండ్ కల్చర్ సొసైటీ. సదస్సు ఒక్కోసారి ఒక్కో ఊళ్లో, సాధారణంగా ఏదో ఒక విశ్వవిద్యాలయం ఆతిథ్యంలో జరుగుతుంది. రాతి పనిముట్ల నుంచి మధ్యయుగపు కోటల దాకా, తవ్వకాల నుంచి ల్యాబ్ పరీక్షల దాకా అన్నీ అక్కడ చర్చకు వస్తాయి. తవ్వకమో, పద్ధతిగా చేసిన సర్వేనో మీ చేతిలో ఉంటే మొదట చూడాల్సింది దీన్నే.

మీ దగ్గర ఉన్నది శాసనమైతే ఎపిగ్రాఫికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వార్షిక సమావేశం మేలు. లిపి చదవగలిగిన వాళ్లు ముందు వరసలో కూర్చునే చోటు అది. రాతి చిత్రాలైతే రాక్ ఆర్ట్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. 1935లో మొదలైన ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్‌లో పురావస్తు శాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది, కాకపోతే అక్కడ వినేవాళ్లలో ఎక్కువమంది చరిత్రకారులు.

కొత్తవాళ్లకు నా సలహా ఏమిటంటే, ముందు ఇంటి దగ్గరి వేదిక మీద ఒకసారి చదవండి. ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్, తెలంగాణ హిస్టరీ కాంగ్రెస్, సౌత్ ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ లాంటి చోట్ల మీ ప్రాంతం తెలిసినవాళ్లు ఉంటారు. "ఆ వాగు అవతల కూడా అలాంటి రాళ్ళే ఉన్నాయి, చూశావా బాబూ?" అని అడిగే పెద్దాయన అక్కడే దొరుకుతాడు. ఆ ఒక్క మాటతో మీ సర్వే పటం మారిపోవచ్చు. జాతీయ సదస్సుకు ఆ తర్వాత వెళితే పత్రం గట్టిపడి ఉంటుంది.

2. మీ దగ్గర ఉన్నది వార్తా, ప్రశ్నా?

మొదటి పత్రాల్లో చాలావాటికి ఒకటే జబ్బు. "ఫలానా మండలంలోని పురావస్తు సంపద" అని పేరు పెట్టి శాతవాహనుల నుంచి గోల్కొండ సుల్తానుల దాకా అన్నీ చెప్పేస్తారు. పదిహేను నిమిషాల్లో అన్ని కాలాలూ చెప్పబోతే ఏదీ నిలవదు. పత్రానికి ఒక స్థలం, ఒక ప్రశ్న, దానికి జవాబిచ్చే ఆధారం ఉంటే చాలు.

ప్రశ్న అంటే ఎలా ఉండాలో మన నేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. దక్షిణాదిలో, ముఖ్యంగా కర్ణాటకలోనూ దాన్ని ఆనుకున్న మన జిల్లాల్లోనూ, బూడిద దిబ్బలు కనిపిస్తాయి. అవి ఎలా ఏర్పడ్డాయన్న దాని మీద దశాబ్దాల పాటు వాదన నడిచింది. అగ్నిపర్వతం బూడిద అన్నారు, లోహాలు కరిగించిన చోట్లన్నారు. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రజ్ఞుడు ఎఫ్.ఆర్. ఆల్చిన్ అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను తవ్వారు. పొరల్లో పశువుల గిట్టల గుర్తులు, కంచె కోసం కొయ్యలు పాతిన గుంతలు బయటపడ్డాయి. నవీన శిలాయుగపు జనం మందలను తోలి కట్టేసిన దొడ్లు ఇవి, పోగుపడిన పేడ కాలి బూడిద దిబ్బ అయిందన్న వాదనకు దాంతో బలం వచ్చింది. ఇక్కడ ప్రశ్న ఒక్కటే. ఈ బూడిద దేనిది? జవాబు చెప్పింది గిట్టల గుర్తులు. వాటిని పట్టించుకోకుండా పారతో ఎత్తిపోసి ఉంటే వాదన అక్కడే ఆగిపోయేది.

మీ దగ్గరున్న దాన్ని కూడా ఇలాగే అడగండి. ఈ సమాధులన్నీ చెరువుకు ఒకవైపే ఎందుకున్నాయి? ఈ దిబ్బ మీద నలుపు-ఎరుపు పెంకులు (రెండు రంగులూ ఉన్న పాతకాలపు కుండ ముక్కలు) ఒక మూలే కనిపిస్తున్నాయి, అక్కడ ఊరు పుట్టి తర్వాత ఇటు జరిగిందా? ఈ శాసనం ఉన్న రాయి మొదటి నుంచీ ఇక్కడిదేనా, వేరే గుడి నుంచి తెచ్చి నాటారా? ఇలాంటి ప్రశ్న ఒకటి కాగితం మీద ఒక్క వాక్యంలో రాయగలిగితే పత్రం సగం సిద్ధమైనట్టే.

3. మళ్లీ స్థలానికి వెళ్లండి, అంతకుముందు పాత రిపోర్టులు చూడండి

"ఇది కొత్తగా కనిపెట్టాం" అనే ముందు అది నిజంగా కొత్తదో కాదో చూసుకోవాలి. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 1953-54 సంవత్సరం నుంచి 'ఇండియన్ ఆర్కియాలజీ: ఎ రివ్యూ' అనే వార్షిక నివేదిక తెస్తోంది. ఆ ఏడాది ఎవరు ఎక్కడ సర్వే చేశారో, ఏం దొరికిందో అందులో రాష్ట్రాల వారీగా, జిల్లాల వారీగా ఉంటుంది. పాత సంపుటాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటితో పాటు రాష్ట్ర పురావస్తు శాఖ ప్రచురణలు, విశ్వవిద్యాలయాల్లో మూలనపడ్డ ఎం.ఫిల్., పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు తప్పక చూడాలి. చాలా ఊళ్ల పేర్లు ఈ గ్రంథాల్లో తప్ప మరెక్కడా ఉండవు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జిల్లాలు మారిపోయాయి. తెలంగాణలో 2016 తర్వాత పది జిల్లాలు ముప్పై మూడు అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పదమూడు ఇరవై ఆరు అయ్యాయి. పాత నివేదికలో ఫణిగిరి నల్లగొండ జిల్లా కింద ఉంటుంది, ఇప్పుడది సూర్యాపేట జిల్లా. కోటిలింగాల కరీంనగర్ కింద ఉంటుంది, ఇప్పుడు జగిత్యాల. జ్వాలాపురం కర్నూలు కింద ఉంటుంది, ఇప్పుడు నంద్యాల. అందుకని పాత జిల్లా పేరుతో, పాత తాలూకా పేరుతో వెతకండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడా ఒక్కో రిపోర్టులో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఊరి పేరు నాలుగైదు రకాలుగా రాసి చూడండి. మీ పత్రంలో రెండు జిల్లాల పేర్లూ ఇవ్వండి. రేపు వెతికేవాళ్లకు అది పెద్ద మేలు.

ఇక స్థలం దగ్గర చేయాల్సిన పని. జీపీఎస్ రీడింగు తీసుకోండి. దిబ్బ పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. ఊరికి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఏ నీటి వనరు పక్కన ఉందో రాయండి. ఊరివాళ్లు దాన్ని ఏమంటారో అడిగి అదే పేరు రాసుకోండి. పాటిగడ్డ, పాటిమీద, కోటదిబ్బ, పాండవుల గుళ్ళు, రాకాసి గుళ్ళు, ఏ పేరైతే అదే. సర్వే నంబరు రెవెన్యూ సిబ్బంది దగ్గరో, భూమి సొంతదారు పాసుపుస్తకంలోనో దొరుకుతుంది. ముప్పై ఏళ్ల కిందట ఆ చేను ఎలా ఉండేదో ఆ రైతును అడగండి. చదును చేయించినప్పుడు ఏమేం బయటపడ్డాయో ఆయనకు గుర్తుంటుంది.

పెంకుల విషయంలో ఒక అలవాటు మానుకోవాలి. అందంగా ఉన్నవి, గీతలున్నవి, మెరుస్తున్నవి మాత్రమే ఏరుకోవడం సరైన పద్ధతి కాదు. అలా ఏరితే మీ సంచిలో ఉన్నది ఆ దిబ్బ కాదు, మీ ఇష్టం. ఐదు మీటర్ల గడులు అనుకుని, ఒక్కో గడిలో ఏ రకం పెంకులు ఎన్ని ఉన్నాయో అక్కడికక్కడే లెక్కపెట్టి రాసుకుని, ఫోటో తీసి, ఎక్కడివక్కడే వదిలేయొచ్చు. అంచు ముక్కలు ఉంటే వాటి బొమ్మ గీయాలి. సగం కోత రూపంలో, సగం బయటి రూపంలో, పాత్ర మూతి వ్యాసం అంచనాతో సహా ఉండాలి. ఫోటోలో కొలబద్ద, ఉత్తర దిక్కు బాణం తప్పనిసరి. పక్కన రూపాయి బిళ్ళో, పెన్నో, చెప్పో పెట్టి తీసిన ఫోటో వేదిక మీద చూపిస్తే మిగతా పత్రం మీద కూడా నమ్మకం పోతుంది.

చట్టం సంగతి ఇప్పుడే చెప్పాలి. లైసెన్సు లేకుండా తవ్వకూడదు, "కొంచెం గీకి చూశాం" అన్నా అది తవ్వకమే. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద రక్షిత స్థలాల్లో పెంకు కూడా తీయకూడదు. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లు నిర్మాణాలకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. వందేళ్లు దాటిన శిల్పం, నాణెం, శాసనం వంటివి 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని ఇంట్లో దాచిపెట్టి, సదస్సులో ఫోటో చూపిస్తే మొదటి ప్రశ్న "ఇది ఇప్పుడు ఎక్కడుంది?" అన్నదే అవుతుంది. కాబట్టి కొత్త స్థలం దొరకగానే రాష్ట్ర పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ ఉత్తరం నకలు దగ్గర పెట్టుకోండి. డ్రోన్ ఎగరేయాలంటే 2021 డ్రోన్ నిబంధనలు చూసుకోవాలి, రక్షిత కట్టడాల దగ్గర దానికి వేరే అనుమతి కావాలి.

4. సారాంశం రాయడం

పత్రాలు పంపమని సదస్సు నుంచి పిలుపు వచ్చాక మీరు మొదట పంపేది అబ్‌స్ట్రాక్ట్, అంటే సారాంశం. సాధారణంగా 200 నుంచి 300 పదాలు అడుగుతారు. ఎక్కువగా ఇంగ్లీషులో, కొన్నిచోట్ల హిందీలో కూడా తీసుకుంటారు. ఇంగ్లీషు గురించి టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. ముందు తెలుగులో రాయండి. తెలుగులో స్పష్టంగా చెప్పలేనిది ఇంగ్లీషులో రాస్తే స్పష్టం కాదు, అస్పష్టత కనబడకుండా పోతుంది, అంతే.

నాలుగు విషయాలు అందులో ఉండాలి. ఎక్కడ, ఏ ప్రశ్నతో, ఏ పద్ధతిలో చూశారు, ఏం తేలింది. చివరిదే చాలామంది వదిలేస్తారు. "ఈ పత్రంలో ఆ స్థలం ప్రాముఖ్యాన్ని వివరించే ప్రయత్నం జరుగుతుంది" అని ముగిస్తారు. ఏం తేలిందో చెప్పని సారాంశాన్ని చదివే కమిటీ సభ్యుడికి మీ దగ్గర ఏమీ తేలలేదనే అనిపిస్తుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒకరు ఇలా రాశారనుకోండి: "మా మండలంలో అతి ప్రాచీనమైన, అరుదైన బృహత్ శిలాయుగ సమాధులు వెలుగులోకి వచ్చాయి. ఇవి ఆంధ్రదేశ చరిత్రలో మొట్టమొదటివి. వీటిని ప్రభుత్వం వెంటనే కాపాడాలి."

అదే విషయాన్ని ఇంకొకరు ఇలా రాశారనుకోండి: "చెరువుకు ఉత్తరాన ఉన్న గుట్ట వాలులో 46 రాతి వలయ సమాధులను పటం మీద గుర్తించాం. వీటిలో 31 వలయాల మధ్యలో బండలతో కట్టిన సమాధి గది అంచులు నేలపైకి కనిపిస్తున్నాయి. వలయాల వ్యాసాన్ని కొలిచి చూస్తే పెద్దవన్నీ వాలు పైభాగంలో, చిన్నవన్నీ చెరువు వైపు ఉన్నాయి. ఈ అమరిక వరసగా జరిగిన ఖననాల వల్ల వచ్చిందా, హోదా తేడా వల్ల వచ్చిందా అన్నది ఈ పత్రం పరిశీలిస్తుంది. ఉపరితల ఆధారం మేరకు మొదటిదానికే ఎక్కువ అవకాశం ఉందని వాదిస్తుంది."

రెండోదానిలో గొప్పలు చెప్పే విశేషణం ఒక్కటి కూడా లేదు, అయినా వినాలనిపిస్తుంది. "మొట్టమొదటి", "అతి ప్రాచీన", "అరుదైన" అనే మాటలు పేపర్ హెడ్డింగుకు పనికొస్తాయి. సదస్సులో ఆ మాట వాడితే పోలికకు మీరు ఎన్ని స్థలాలు చూశారో చెప్పాల్సి వస్తుంది.

కలిసి పనిచేసిన వాళ్ల పేర్లు ఈ దశలోనే పెట్టాలి. స్థలాన్ని మొదట చూపించిన స్కూలు టీచరు, బొమ్మలు గీసిన మిత్రుడు, పటం చేసిచ్చిన విద్యార్థి, వీళ్లలో ఎవరు సహ రచయితలో, ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలో ముందే మాట్లాడుకోండి. ఈ విషయంలో మన దగ్గర జరుగుతున్న అన్యాయం చిన్నది కాదు. స్థలం కనిపెట్టిన ఊరి మనిషి పేరు లేకుండా వేదిక మీద చదివిన పత్రాలు చాలా ఉన్నాయి.

5. సభ్యత్వం, రిజిస్ట్రేషన్, డబ్బు

చాలా సంస్థల్లో పత్రం చదవాలంటే సభ్యత్వం ఉండాలి. వార్షిక సభ్యత్వమో, జీవిత సభ్యత్వమో సర్క్యులర్‌లో చూసి కట్టండి. రిజిస్ట్రేషన్ రుసుము దానికి అదనం, విద్యార్థులకు సాధారణంగా తక్కువ. యూనివర్సిటీ గుర్తింపు కార్డు స్కాన్ సిద్ధంగా ఉంచుకోండి. అబ్‌స్ట్రాక్ట్ అంగీకరించిన ఉత్తరం చేతికి రాగానే డిపార్ట్‌మెంట్‌లో ప్రయాణ ఖర్చుకు దరఖాస్తు పెట్టండి. రైలు టికెట్ మాత్రం ఆ ఉత్తరం కోసం ఎదురుచూడకుండా ముందే తీసుకోవడం మంచిది.

6. పదిహేను నిమిషాలు

మామూలుగా ఒక్కో పత్రానికి పదిహేను నిమిషాలు ఇస్తారు, ప్రశ్నలు అందులోనే. అంటే మీరు మాట్లాడేది పన్నెండు నిమిషాలు. ముందు మాట్లాడినవాళ్లు ఆలస్యం చేస్తే పది కూడా కావచ్చు. కాబట్టి పది నిమిషాలకు సిద్ధం కండి.

ఆ పదింటిలో భారతదేశ చరిత్రకు చోటు లేదు. వినేవాళ్లందరికీ శాతవాహనులు ఎవరో తెలుసు. మొదటి స్లైడ్‌లోనే పటం ఉండాలి. రాష్ట్రం, జిల్లా, వాగు, దిబ్బ వరసగా దగ్గరకు వస్తూ కనిపించాలి. క్యూజీఐఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ పటం చేసుకోవచ్చు, స్కేలు గీత మరవకండి. రెండో నిమిషంలో ప్రశ్న చెప్పేయండి. ఐదారు నిమిషాలు ఆధారానికి ఇవ్వండి. మిగిలిన సమయంలో దాన్నుంచి ఏం చెప్పొచ్చో, ఏం చెప్పలేమో చెప్పండి. "ఏం చెప్పలేం" అన్న భాగాన్ని మీరే ముందు చెప్పడం బలహీనత కాదు. అనుభవమున్న శ్రోతలు దానికోసమే ఎదురుచూస్తుంటారు.

తవ్వకం పత్రమైతే గోడ కోత బొమ్మ, అంటే తవ్విన గుంత గోడలో పొరలు చూపే సెక్షన్ డ్రాయింగ్, పత్రానికి ప్రాణం. వస్తువు ఎంత గొప్పదైనా అది ఏ పొరలో, దేని పైన, దేని కింద దొరికిందో చెప్పలేకపోతే అది మ్యూజియం వస్తువే తప్ప ఆధారం కాదు. జ్వాలాపురం ఎందుకు ప్రపంచానికి తెలిసిందో గుర్తుచేసుకోండి. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలి, దాని బూడిద జ్వాలాపురం ఉన్న జుర్రేరు లోయ దాకా వచ్చి పడింది. ఆ బూడిద పొర కింద, పైన రాతి పనిముట్లు దొరకడం, రెండింటికీ పోలిక కనిపించడం అక్కడి వాదనకు మూలం. 2007లో అది 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఆ పనిముట్లు చేసింది ఆధునిక మానవులేనా అన్న చర్చ తర్వాత కూడా నడిచింది. పొరల క్రమం గట్టిగా రాసి ఉండబట్టే ఆ చర్చకు వీలైంది.

కార్బన్ తేదీలు చూపించేటప్పుడు ల్యాబ్ నంబరు, సవరించని తేదీ, దాని ప్లస్-మైనస్, ఏ క్యాలిబ్రేషన్ వక్రరేఖతో (కార్బన్ తేదీని క్యాలెండర్ తేదీగా మార్చే గీతతో) సవరించారో అన్నీ స్లైడ్ మీద ఉండాలి. బీపీ అంటే 1950 నుంచి వెనక్కి లెక్క. మన ఇనుప యుగం మీద పనిచేసే వాళ్లకు ఇక్కడ పెద్ద ఇబ్బంది ఒకటుంది. దాదాపు 2400 నుంచి 2500 బీపీ మధ్య వచ్చే తేదీలను సవరిస్తే అవి క్రీ.పూ. 8వ శతాబ్దం నుంచి 5వ శతాబ్దం చివరి దాకా ఎక్కడైనా పడొచ్చు, ఎందుకంటే ఆ కాలానికి వక్రరేఖ దాదాపు చదునుగా ఉంటుంది. ఒక్క తేదీ చూపించి "ఈ సమాధి క్రీ.పూ. 600 నాటిది" అని తేల్చేస్తే ల్యాబ్ తెలిసినవాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. తేదీ తీసిన బొగ్గు ఏ చెట్టుదో, ముసలి దూలానిదో, చిన్న కొమ్మదో కూడా అడుగుతారు.

స్లైడ్ మీద పేరాలు పెట్టి చదవకండి. ఫోటోలు పెద్దవిగా, అక్షరాలు తక్కువగా ఉండాలి. ఫైలును పవర్‌పాయింట్‌లోనూ, పీడీఎఫ్‌లోనూ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. తెలుగు అక్షరాలు వాడితే ఆతిథ్య యూనివర్సిటీ కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేక గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది, పీడీఎఫ్ ఉంటే ఆ బెడద లేదు.

స్థలం ఉన్న చోటును వేదిక మీద ఎంత కచ్చితంగా చూపించాలన్నది మన ప్రాంతంలో చాలా ముఖ్యమైన విషయం. గుప్తనిధుల వేటగాళ్లు గుడులనూ, సమాధులనూ తవ్వి పాడుచేస్తున్న సంగతి అందరికీ తెలుసు. కాపలా లేని స్థలమైతే అక్షాంశ రేఖాంశాలు స్లైడ్ మీద పెట్టకండి, ఊరి స్థాయి పటం చాలు. పూర్తి వివరాలు పురావస్తు శాఖకు ఇవ్వండి. మనిషి ఎముకల ఫోటోలు అవసరమైతేనే చూపించండి, చూపించే ముందు ఒక మాట చెప్పండి.

7. ప్రశ్నలు వచ్చినప్పుడు

కొత్తవాళ్లు అందరికంటే ఎక్కువ భయపడేది దీనికే. అసలు సదస్సుకు వెళ్లేది దీనికోసమే కదా. ప్రశ్న పూర్తిగా వినండి, రాసుకోండి. తెలియకపోతే "అది మేము చూడలేదు, చూస్తాం" అంటే చాలు. పెద్దలు కొందరు ప్రశ్నకు బదులు తమ అనుభవం చెబుతారు. అందులో పనికొచ్చేది ఒకటి ఉంటుంది, ఓపిగ్గా వినండి. "మీ నలుపు-ఎరుపు పెంకు నిజానికి అదేనా, కాలిన ఎరుపు పెంకా?" అని ఎవరైనా అడిగితే అవమానం అనుకోవద్దు. ఆ ప్రశ్న అచ్చులో వచ్చాక ఎదురైతే చాలా ఖరీదు అవుతుంది. సెషన్ అయ్యాక ఆ మనిషిని వెతికి, పెంకుల దగ్గరి ఫోటోలు చూపించండి. నిలబడి మాట్లాడుకునే ఆ కాసేపట్లో పత్రం మొత్తానికి రాని లాభం వస్తుంది.

వేదిక మీద మాట్లాడటం కష్టమనిపిస్తే పోస్టర్ ఎంచుకోండి, అంటే మీ పనిని ఒక పెద్ద కాగితం మీద వేసి గోడకు పెట్టడం. మన దగ్గర పోస్టర్‌ను చిన్నచూపు చూస్తారు, అది సరికాదు. సర్వే పటాలు, రాతి చిత్రాలు, పెంకుల పట్టికలు పోస్టర్ మీదే బాగా కనిపిస్తాయి, ఆసక్తి ఉన్నవాళ్లు మీ దగ్గరే ఆగి మాట్లాడతారు.

8. మిగతా రోజులు ఎలా గడపాలి

మీ పత్రం అయిపోగానే ఊరు చూడటానికి వెళ్లిపోకండి. ఒకే సమయంలో మూడు నాలుగు హాళ్లలో సెషన్లు నడుస్తాయి కాబట్టి ముందు రోజు రాత్రే పట్టిక చూసి ఏవి వినాలో గుర్తు పెట్టుకోండి. మీ కాలానికి చెందినవే కాదు, మీకు తెలియని పద్ధతి ఒకటి కూడా వినండి. ఎముకల పరిశీలన, మొక్కల అవశేషాలు, లోహ పరీక్షలు మీద వినే ఒక్క పత్రం, వచ్చేసారి తవ్వకంలో ఏ మట్టిని సంచిలో వేసి దాచాలో నేర్పుతుంది. పుస్తకాల స్టాళ్లలో పాత తవ్వకాల నివేదికలు తక్కువ ధరకు దొరుకుతుంటాయి, వాటికోసం కొంచెం డబ్బు పక్కన పెట్టుకోండి. సదస్సు తర్వాత స్థల సందర్శన ఉంటే తప్పకుండా వెళ్లండి. ఆ ట్రెంచి గట్టున తవ్వినవాళ్లు నిలబడి పొరలు చూపిస్తుంటే అర్థమైనంతగా ఏ పుస్తకంలోనూ అర్థం కాదు.

9. విదేశీ సదస్సుల సంగతి

అమెరికాలోనో, యూరప్‌లోనో చదువుతున్న తెలుగు విద్యార్థులు చాలామంది ఈ రంగంలోకి వస్తున్నారు. వాళ్లకు దగ్గరి వేదికలు రెండు. 1934లో ఏర్పడిన సొసైటీ ఫర్ అమెరికన్ ఆర్కియాలజీ వార్షిక సమావేశం వసంత కాలంలో జరుగుతుంది, దానికి పత్రాలు అంతకుముందు సెప్టెంబరు ప్రాంతంలోనే పంపాలి. 1994లో ఏర్పడిన యూరోపియన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్కియాలజిస్ట్స్ సమావేశం ఆగస్టు చివర్లోనో, సెప్టెంబరు మొదట్లోనో జరుగుతుంది, సారాంశాల గడువు ఫిబ్రవరి ప్రాంతంలో ఉంటుంది. 2023లో బెల్ఫాస్ట్‌లో, 2024లో రోమ్‌లో జరిగింది. దక్షిణాసియా మీద పనిచేసేవాళ్లకు విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ఏటా జరిగే దక్షిణాసియా సదస్సు కూడా బాగా పనికొస్తుంది. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లు ఆహ్వాన లేఖ చేతికి రాగానే వీసాకు పూనుకోండి, అపాయింట్‌మెంట్‌కే నెలలు పట్టొచ్చు. భారత చారిత్రక పరిశోధన మండలి (ఐసీహెచ్‌ఆర్) విదేశీ ప్రయాణ గ్రాంట్లు ఇస్తుంది, దరఖాస్తు చాలా ముందుగా పెట్టాలి.

10. తిరిగి వచ్చాక

సదస్సులో చదివినంత మాత్రాన పత్రం అచ్చయినట్టు కాదు. పత్రికకు వేరుగా పంపాలి, సమీక్షకులు చూస్తారు, సవరణలు అడుగుతారు. ప్రశ్నలు గుర్తున్నప్పుడే, మొదటి రెండు వారాల్లోనే సవరించిన ప్రతి తయారు చేసుకోండి. అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదానికి పత్రంలో ఎక్కడ జవాబు ఇచ్చారో పక్కన రాసుకుంటే పని సులువు. జవాబు దొరకని ప్రశ్న ఉంటే మళ్లీ స్థలానికి వెళ్లాల్సిందే.

అచ్చయ్యాక ఒక ప్రతి రాష్ట్ర పురావస్తు శాఖకు, ఒకటి జిల్లా మ్యూజియానికి ఇవ్వండి. స్థలాన్ని రక్షిత జాబితాలో చేర్చమని అడిగేటప్పుడు పేపర్ క్లిప్పింగు కంటే అచ్చయిన పత్రానికి బరువు ఎక్కువ. తర్వాత తెలుగులో రెండు పేజీల సారాంశం రాసి, పటం జతచేసి, ఆ ఊరి పంచాయతీకి, హైస్కూలుకు, దిబ్బ ఉన్న చేను రైతుకు ఇచ్చి రండి. పాటిమన్ను ఎందుకు తోలకూడదో, దుక్కిలో ఏదైనా తగిలితే ఎవరికి ఫోన్ చేయాలో అందులో ఉండాలి. శాఖ కార్యాలయం నంబరు కింద పెద్ద అక్షరాల్లో వేయండి.